పలకకు దిక్కు చెప్పిన వ్రాత

మా వీధిలో ఒక కుఱ్ఱవాడున్నాడు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదవ తరగతి పిల్లలకూ, వారి ఉపాధ్యాయులకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచినప్పుడు వాడి అన్నకొకటి వచ్చింది. అన్న పై చదువుకు విశాఖ వెళ్ళగా పలక తమ్ముని పాలయింది. (ట్యాబును నేను పలక అనే అంటాను. ముప్ఫైనాలుగేళ్ళు బలపాల మధ్య బ్రతికినవాణ్ణి. అంతకన్న మంచి మాట నాకు దొరకలేదు.) సెలవులలో ఒకనాడు మా అరుగు మీద కూర్చొని, పలకను నిలువుగా పట్టి ఒక సీసపద్యం చదువుతూ, ఉన్నట్టుండి అడ్డంగా త్రిప్పాడు. పద్యమూ తిరిగింది. అంతవరకు విరిగి రెండు పంక్తులుగా కనబడుతున్న పాదం ఒకే పంక్తిలో పరచుకొంది. వాడు తల ఎత్తి, "దీనికి పైకేదో క్రిందికేదో ఎలా తెలుస్తుంది తాతయ్యా?" అన్నాడు.

తెలుగు పండితుని అడుగవలసిన ప్రశ్న కాదు. అయినా అడిగాడు కనుక జవాబు వెదకవలసి వచ్చింది. నా దగ్గఱ పదవ తరగతి చదివినవాడొకడు ఇప్పుడు హైదరాబాదులో ఇటువంటి పనిలోనే ఉన్నాడు. ఫోను చేశాను. వాడు నవ్వి, "మాస్టారూ, ఆ చిన్న ముక్క మీదనే నాలుగు నెలలు చీవాట్లు తిన్నాను. జవాబు చెప్పను. ఉత్తరాలన్నీ పంపుతాను, మీరే చదవండి" అన్నాడు. ఆ ఉత్తరాలు చదవడానికి నాకు మూడు వారాలు పట్టింది. అర్థం కాని చోట మళ్ళీ మళ్ళీ ఫోను చేసి వాడి ప్రాణం తీశాను. ఈ టపా ఆ చదువు ఫలం. చివరకు వచ్చేసరికి ఇది నా సొంత లెక్క కూడ అయింది. ఆ సంగతి దాని చోట చెబుతాను.

ముందు కుఱ్ఱవాని ప్రశ్న. పలక లోపల త్వరణమాపకమనే చిప్పు ఒకటి ఉంటుంది. పెసరగింజకు మించదు. అందులో సిలికానుతో చెక్కిన అతి సూక్ష్మమైన బరువొకటి, ఇంకా సన్నని స్ప్రింగుల మీద వ్రేలాడుతుంటుంది. ఆ బరువుకు దువ్వెన పళ్ళ వంటి పళ్ళుంటాయి. వాటి నడుమ కదలని పళ్ళు మఱికొన్ని. బరువు ఏ మాత్రం జరిగినా పళ్ళ మధ్య ఎడం మారుతుంది, ఎడం మారితే వాటి మధ్య నిలిచే విద్యుత్తు మారుతుంది, ఆ మార్పును చిప్పు అంకెగా చెబుతుంది. భూమి ఆకర్షణ ఎడతెగనిది గనుక, కదలక మెదలక ఉన్న పలకలో కూడ ఇది సెకనుకు సెకనుకు 9.8 మీటర్లని చూపుతూనే ఉంటుంది. అంకెలకు మూడు గడులు: అడ్డం, నిలువు, లోతు. నిలువుగా పట్టుకొంటే ఆ 9.8 నిలువు గడిలో పడుతుంది. త్రిప్పితే అడ్డం గడిలోకి పోతుంది. బల్ల మీద వెల్లకిల పడుకోబెడితే లోతు గడిలోకి పోతుంది. అప్పుడు పైకేదో క్రిందికేదో చిప్పుకే తెలియదు. అందుకే తెర అంతకు ముందు ఎటున్నదో అటే ఉండిపోతుంది. ఇది కుఱ్ఱవాని చేత చేయించి చూచాను. బల్ల మీద పెట్టి బొంగరంలా త్రిప్పినా పద్యం కదలలేదు.

చిప్పు అంకెలు చెప్పగలదే కాని మన భాషలో చెప్పలేదు. దాని లోపలి గళ్ళలో పడిన అంకెలను తీసి, ఋణమో ధనమో గ్రహించి, కొలమానం చెప్పి పైవారికి అందించే దుబాసీని డ్రైవరంటారు. మా నక్కపల్లిలో డ్రైవరంటే పదహారవ నంబరు జాతీయ రహదారి మీద తుని, అనకాపల్లి మధ్య లారీ తోలే మనిషే గాని వేఱు కాదు. ఇతనూ సరుకు చేర్చేవాడే కనుక పేరు తప్పు కాదు.

ఈ దుబాసీల చరిత్ర నేననుకొన్నంత పాతదీ కాదు, క్రొత్తదీ కాదు. త్వరణమాపకాలు 1990ల నుంచి కార్లలో ప్రమాదపు దెబ్బను గ్రహించి గాలిసంచులు విప్పడానికి పనిచేస్తూ ఉన్నాయి. 2003లో ఐబీఎం సంస్థ తన థింక్‌ప్యాడ్ కంప్యూటర్లలో ఒకటి పెట్టింది. కంప్యూటరు చేతిలోనుంచి జారుతోందని ముందే కనిపెట్టి, నేల తాకేలోగా డిస్కు ముల్లును ప్రక్కకు తీయడం దాని పని. 2005లో దానికొక డ్రైవరు లినక్స్ కెర్నెల్‌లో చేరింది. 2008లో హెచ్‌పీ కంప్యూటర్లలోని చిప్పుకు మఱొకటి. చిక్కంతా వీటిని ఏ గదిలో పెట్టాలనే దగ్గఱ వచ్చింది. కెర్నెల్‌లో ఫంకాల వేగమూ, వేడిమీ కొలిచే పరికరాలకొక గది ఉంది. మీటలకూ, మౌసులకూ ఒక గది ఉంది. త్వరణమాపకం రెండింటి చుట్టమూ కాదు. మొదట వేడిమి గదిలో పెట్టారు. 2008 నాటి డ్రైవరును 2011లో అక్కడనుంచి తీసి, ఏ గదికీ చెందని వాటి గదిలోకి మార్చారు. ఈలోగా జొనాథన్ కామెరాన్ అనే ఆయన ఇటువంటి కొలత పరికరాలన్నింటికీ ప్రత్యేకంగా ఒక గది కట్టాడు. దాని పేరు ఇండస్ట్రియల్ ఐ/ఓ. 2009లో కెర్నెల్ వసారాలో చోటు దొరికింది. మూడేళ్ళు వసారాలో ఉండి, 2012లో నడింట్లోకి వచ్చింది.

అప్పటికి పలకలు వచ్చేశాయి. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో విడుదలైన ఆకాశ్ పలక మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. డేటావిండ్ సంస్థది. ఏడంగుళాలది. అది కూర్చబడినది మన హైదరాబాదులో. మఱుసటి యేడు నవంబరు 11న వచ్చిన రెండవ ఆకాశ్‌లో ఆల్‌విన్నర్ ఏ13 అనే ప్రాసెసరు వాడారు. ఆ యేళ్ళలో ఆ ప్రాసెసరుతో చవక పలకలు పుట్టగొడుగుల వలె వచ్చాయి. తయారీదారులు ఏ వారం ఏ చిప్పు చవకగా దొరికితే అది అతికించేవారు. పెట్టె మీది పేరొకటే అయినా లోపలి చిప్పు వేఱు కావచ్చు. ప్రతివాడూ తన డ్రైవరు తాను వ్రాసుకొని, పలక అమ్ముడైన తరువాత దానిని మఱచిపోయేవాడు. కెర్నెల్ క్రొత్త కూర్పు వచ్చినప్పుడు ఆ వ్రాతలు దానితో కలిసేవి కావు. అటువంటి అనాథ చిప్పులకు ఉమ్మడి కెర్నెల్‌లో డ్రైవర్లు వ్రాసినవారిలో హాన్స్ డి గూడె ఒకడు. 2016లో ఒక్క యేడాదిలోనే డీఏ280, డీమార్డ్10 వంటి చిప్పులకు డ్రైవర్లు వచ్చి చేరాయి. నా శిష్యుడు వ్రాసినదీ ఆ జాతి చిప్పుకే. చిప్పు పేరు వ్రాయవద్దన్నాడు. వ్రాయను.

ఇక ఉత్తరాల సంగతి. కెర్నెల్‌లో ఏ మార్పు చేయాలన్నా ప్యాచ్ వ్రాయాలి. ప్యాచ్ అంటే చిరిగిన పంచెకు వేసే మాసికే. ఏ పంక్తి తీసివేశాడో, ఏ పంక్తి చేర్చాడో రెండూ కనబడేటట్లు వ్రాసి, పదిమందీ చదివే చోటికి ఉత్తరంగా పంపాలి. ఎవరైనా చదువవచ్చు, ఎవరైనా తప్పు పట్టవచ్చు. తప్పు పడితే దిద్ది రెండవ కూర్పు, మళ్ళీ పడితే మూడవ కూర్పు. ప్రతి కూర్పులోనూ వ్రాసినవాడు తన పేరుతో చేవ్రాలు పంక్తి చేర్చాలి. 2003లో ఎస్‌సీఓ అనే సంస్థ లినక్స్ మీద వ్యాజ్యానికి దిగిన తరువాత, 2004లో ఈ చేవ్రాలు ఆచారమైంది. ఈ వ్రాత నాది, దీనిని ఇచ్చే హక్కు నాకుంది అని దాని భావం. చదివి సరిచూచినవాని పేరూ క్రిందనే ఉంటుంది. మన కావ్యాలలో ఆశ్వాసాంత గద్యలు చదివినవారికి ఇది వింతగా ఉండదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఒకసారి కెర్నెల్‌లో చేరి బయటికి వెళ్ళిన డ్రైవరు మీద ఆధారపడి పైన ఎన్నో అల్లుకొంటాయి. వాటిని చెడగొట్టే మార్పు చేయరాదన్నది లినస్ టోర్వాల్డ్స్ ఏనాటినుంచో పట్టుకొని కూర్చొన్న నియమం. అచ్చయిన పుస్తకానికి తప్పొప్పుల పట్టిక అంటించినట్లు తరువాత సర్దుకోవచ్చుననుకొంటే కుదరదు. దిద్దేది ఏదైనా అచ్చుకు ముందే దిద్దాలి.

మావాడి మొదటి కూర్పుకు పదమూడు అభ్యంతరాలు వచ్చాయి. అన్నీ చెప్పను. కొన్ని పరీక్ష పేపరు దిద్దినట్లుంటాయి: అంకెలకు పేర్లు పెట్టు, ఒక్క మాసికలో రెండు పనులు చేయకు, మధ్యలో పని చెడితే చిప్పును నిద్రపుచ్చి మఱీ వెళ్ళు. ఒకటి మాత్రం నాకు బాగా నచ్చింది. ఆ చిప్పు అంకెను పన్నెండు బిట్లలో చెబుతుంది. భూమ్యాకర్షణ మొత్తం ఒక గడిలో పడితే 1024. దానిని 0.009577తో హెచ్చిస్తే మన 9.8 వస్తుంది. పలకను ఎడమకు త్రిప్పితే ఋణ 1024 రావాలి. కాని ఋణం గుర్తును గ్రహించే పంక్తి వ్రాయడం మావాడు మఱచాడు. దానితో ఋణ 1024 రావలసిన చోట 3072 వచ్చింది. అంటే పలక ఎడమకు ఒరిగితే, అది కుడికి మూడింతల భారంతో ఒరిగిందని చెబుతోంది! ఛందస్సులో ఒక్క గురువును లఘువనుకొంటే గణాలన్నీ తలక్రిందులైనట్లే.

ఇవన్నీ మావాడు గంటలో దిద్దాడు. అసలు గొడవ ఎనిమిదవ అభ్యంతరం దగ్గఱ.

వాడి చేతిలోని పలకలో చిప్పును తొంభై డిగ్రీలు త్రిప్పి అతికించారు. పలక నిలువుగా ఉంటే చిప్పు అడ్డమంటుంది. వీడు డ్రైవరులోనే అడ్డం గడిని నిలువుగా, నిలువును అడ్డంగా మార్చి, ఒకదాని గుర్తు తిరగవేశాడు. తెర చక్కగా తిరిగింది. సరిచూచినవారు ఒప్పుకోలేదు. ఇదే చిప్పు ఇంకొక పలకలో ఇంకొక విధంగా అతికించి ఉంటుంది. డ్రైవరు చిప్పు చెప్పినది చెప్పినట్లే చెప్పాలి. పలకలో దాని కూర్పు ఎలా ఉన్నదో వేఱుగా చెప్పాలి. అది వారి మాటల సారాంశం.

దానికొక పద్ధతి అప్పటికే ఉంది. ఇండస్ట్రియల్ ఐ/ఓలో చిప్పు చెప్పిన అంకెకు పేరు 'రా', అంటే పచ్చిది. వండనిది. దానిని ఎంతతో హెచ్చించాలో చెప్పే అంకె వేఱు, దాని పేరు స్కేలు. 2016లో వీటికి తోడు మౌంట్ మ్యాట్రిక్స్ అనే మూడవది వచ్చింది. మూడేసి అంకెల మూడు వరుసలు, మొత్తం తొమ్మిది. మావాడి పలకకైతే 0, 1, 0. -1, 0, 0. 0, 0, 1. మొదటి వరుస చిప్పు నిలువును పలక అడ్డంగా తీసుకొమ్మంటుంది. రెండవది చిప్పు అడ్డాన్ని గుర్తు మార్చి నిలువుగా తీసుకొమ్మంటుంది. మూడవది లోతు జోలికి పోవద్దంటుంది. ఇంటెల్ ప్రాసెసర్ల పలకలకు ఈ తొమ్మిదంకెలు సిస్టమ్‌డీ అనే మఱొక పనిముట్టు పట్టికలో ఉంటాయి. ఏ సంస్థ, ఏ నమూనా, ఏ తొమ్మిదంకెలు అని. ఆ పలకలు కొనుక్కొన్న మనుషులు లోకం నలుమూలల నుంచి తమ తమ పంక్తులు పంపగా పెరిగిన పట్టిక అది. పచ్చి అంకె ఒకచోట, కొలమానం ఒకచోట, దిక్కుల దిద్దుబాటు ఒకచోట. దిద్దుబాటు తప్పని రేపు తేలితే దానినొక్కదానినే మార్చవచ్చు. పచ్చి అంకె చెక్కుచెదరదు.

"నా పలకలో పనిచేస్తోంది కదా మాస్టారూ అనిపించింది. పది రోజులు ఆ ఉత్తరం మళ్ళీ తెరవలేదు" అన్నాడు మావాడు. నేనేమీ అనలేకపోయాను. నాకు వేఱొక సంగతి గుర్తుకు వచ్చింది.

తాళపత్ర లేఖకులు ప్రతి చివర ఒక మనవి చేసుకొనేవారు: చూచినది చూచినట్లే వ్రాశాను, తప్పున్నా నన్ను నిందించవద్దు అని. చదువుకొనే రోజులలో మేము దానిని చూచి నవ్వేవాళ్ళం. తప్పని తెలిసీ దిద్దనివాడు పండితుడెలా అవుతాడని మా ధీమా. సీపీ బ్రౌను కడపలో పండితులను కూర్చోబెట్టి, ఒక్కొక్క గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పాఠాంతరాలు వ్రాయించి, తరువాతనే శుద్ధప్రతి తయారు చేయించేవాడని పాఠంగా చదివాం. పరీక్షలో వ్రాశాం. 1852 నాటి ఆయన నిఘంటువును 1903లో వీరేశలింగం ప్రభృతులు పరిష్కరించారని కూడ వ్రాశాం. పాఠాంతరం ఎందుకు వ్రాసి ఉంచాలో మాత్రం ఆలోచించలేదు.

1984లో, ఉద్యోగంలో చేరిన క్రొత్తలో, ఉపమాక ప్రక్కన ఒక పల్లెలో ఒక ఇంటివారు నాకు కొన్ని తాటాకులు చూపించారు. ఇరవై మూడు పద్యాలు. కవి పేరు లేదు. ఎవరో ఒక ఆసామి చెఱువు త్రవ్వించిన సంగతి. నేను వారం రోజులు వారి పంచలో కూర్చొని నోటుపుస్తకంలోకి ఎత్తి వ్రాశాను. ఎత్తి వ్రాస్తూ దిద్దాను. ఒకచోట 'బుగత' అని ఉంది. మా ఉత్తరాంధ్రలో భూస్వామిని బుగత అంటారని నాకు తెలుసు. కాని పద్యంలో ఆ మాట మోటుగా తోచింది. 'నృపతి' అని మార్చాను. అదీ మూడు లఘువులే, ఇదీ మూడు లఘువులే. నడిమి మాట గనుక యతిప్రాసలకు చిక్కు రాలేదు. మా ప్రక్క ఊరి భూస్వామి ఒక్క కలంపోటుతో రాజయ్యాడు. మఱొకచోట 'గుంట' అని ఉంటే 'వాపి' అని వ్రాశాను. చెఱువు పద్యాలు కదా, గుంట అంటే నీటి గుంటే అనుకొన్నాను. ఇటు ప్రక్క గుంట అంటే ఆడపిల్ల కూడ. ఎవరి పేరిట ఆ చెఱువు త్రవ్వించారో, అది ఆ పద్యంలో ఉందో లేదో, ఇప్పుడు చెప్పలేను. ఆకులు చూచి మళ్ళీ సరిచూద్దామంటే ఆకులు లేవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకు ఆ ఇంటి కప్పు లేచిపోయింది. తడిసిన ఆకులు ముద్దయిపోయాయి. వారేమీ తప్పు చేయలేదు. నా దగ్గఱ ప్రతి ఉందన్న నమ్మకంతో విచారపడలేదు కూడ.

2019లో ఒక పరిశోధక విద్యార్థిని నాకు ఉత్తరం వ్రాసింది. నా ప్రతి నకలు ఎక్కడో చూచిందట. ఈ నృపతి ఎవరు, ఏ వంశంవాడు, ఈ తీరాన రాజులు త్రవ్వించిన చెఱువుల పట్టికలో దీనిని చేర్చవచ్చునా అని అడిగింది. "పేరు తెలియరాలేదమ్మా" అని జవాబు వ్రాశాను. అబద్ధం కాదు. పేరు నిజంగానే తెలియదు. అతడు రాజే కాడన్న మాట మాత్రం వ్రాయలేదు. ముప్ఫై అయిదేళ్ళ క్రితం దిద్దిన నా దిద్దుబాటు ఎవరికంటా పడదని తెలుసు. తప్పు పట్టగల ప్రతి లోకంలో లేదు.

మావాడి రెండవ కూర్పులో గడుల మార్పిడి తీసేశాడు. మూడవదానిలో మౌంట్ మ్యాట్రిక్స్ చదివే పంక్తులు చేర్చాడు. నాలుగవదానిలో చిల్లర దిద్దుబాట్లు. ప్రతి కూర్పులోనూ మూడు అడ్డగీతల క్రింద, క్రిందటి కూర్పుకూ దీనికీ తేడా ఏమిటో, ఎవరు చెబితే దిద్దాడో వ్రాశాడు. ఈ గీతల క్రింది భాగం ఉత్తరంలోనే ఉంటుంది గాని కెర్నెల్ చరిత్రలోకి ఎక్కదట, చేర్చుకొనేటప్పుడే రాలిపోతుందట. నాకది నచ్చలేదు. వాడితో వాదించాను. "ఉత్తరాలు ఎక్కడికీ పోవు మాస్టారూ, ఎవరు కావాలన్నా వెదకి చదువుకోవచ్చు. మీకు పంపినవి అవే కదా" అన్నాడు. సరే. నాలుగవ కూర్పు చేరింది. ఎనిమిదవ అభ్యంతరం చెప్పిన ఆయన పేరు సరిచూచినవానిగా క్రింద ఉంది, దానిపైన మావాడి చేవ్రాలు.

పోయిన ఆదివారం అటక మీదనుంచి నా 1984 నోటుపుస్తకం దింపించాను. కుడి ప్రక్క పేజీలలో పద్యాలున్నాయి, ఎడమ ప్రక్క అన్నీ ఖాళీ. మార్చిన మాటలు ఎన్ని గుర్తుకు వస్తాయో చూద్దామని మొదటినుంచి చదివాను. ఇరవై మూడు పద్యాలలో పదకొండు చోట్ల నా చేయి పడినట్లు రూఢిగా తెలిసింది. తొమ్మిదింటికి ఎడమ పేజీలో ఆకు మీది మాట వ్రాసి, 'జ్ఞాపకాన్ని బట్టి' అని ప్రక్కన చేర్చాను. బుగత వాటిలో ఒకటి. 'గుంట' దగ్గఱ రెండు అర్థాలూ వ్రాసి వదిలాను. మిగిలిన రెండు చోట్ల ఆకు మీద ఏముండేదో ఎంత ఆలోచించినా రాలేదు. అక్కడ గీత గీసి ఖాళీ ఉంచాను. ఆ పేజీలన్నీ కుఱ్ఱవాడు తన పలకతోనే ఫోటోలు తీసి పెట్టాడు. ఒక ఉత్తరం జోడించి ఆ అమ్మాయికి నిన్న పంపాను.